నాణెం మీది ముఖం, నాణెం కింది నేల

ప్రాచీన రోము నాణేలలో సేకర్తలను మొట్టమొదట ఆకర్షించేవి వాటి మీది ముఖాలు. రెండు వేల సంవత్సరాల క్రిందట జీవించిన ఒక మనిషి ముక్కు తీరు, చుబుకం బిగువు, మెడ మీది మడతలు చిన్న వెండిబిళ్ల మీద ఇప్పటికీ నిలిచి ఉండడం ఎవరినైనా ఆశ్చర్యపరుస్తుంది. మన ప్రాచీన నాణేల మీద ఏనుగు, సింహం, చెట్టు, కొండ, ఉజ్జయినీ చిహ్నం వంటివి విరివిగా కనిపిస్తాయి. రాజు ముఖం మాత్రం అరుదు. రోము సామ్రాజ్యంలో ఇందుకు భిన్నమైన ఆచారం ఉండేది. సింహాసనం ఎక్కినవాడు తొలి రోజులలోనే తన ముఖాన్ని నాణెం మీదికి ఎక్కించేవాడు. వార్తాపత్రికలు లేని ఆ కాలంలో ఏలిక ఎవరో సుదూర ప్రాంతాల ప్రజలకు తెలియజేసే సాధనం అదే.

ఆ ముఖాలలోని వైవిధ్యం ఒక మానవస్వభావ గ్రంథం వంటిది. తొలి చక్రవర్తి అగస్టస్ డెబ్బై అయిదేళ్లు దాటి జీవించాడు. నాణేల మీద మాత్రం కడవరకు నవయువకుడే. వెస్పాసియన్ అటువంటి సంకోచమేదీ పెట్టుకోలేదు. బట్టతల, ముడుతలు పడిన నుదురు, రైతు ముఖం వంటి ముఖం - ఉన్నది ఉన్నట్లుగా చెక్కించుకొన్నాడు. నీరో నాణేలను ఏడాది వరుసలో పేరిస్తే, సుకుమారుడైన బాలుడు క్రమంగా మెడ లావెక్కి, కళ్లు పూడుకుపోయి, భోగలాలసుడుగా మారడం మన కళ్లముందే జరుగుతుంది. చక్రవర్తులలో గడ్డాన్ని గౌరవచిహ్నంగా నిలిపినవాడు హేడ్రియన్. అతని తరువాతివారు చాలాకాలం ఆ మార్గాన్నే అనుసరించారు. కారకల్లా కనుబొమలు ముడిచి లోకాన్ని బెదిరిస్తూ ఉంటాడు. క్రీ.శ. 235 నుండి 284 వరకు గల అర్ధశతాబ్దంలో ఇరవైమందికి పైగా చక్రవర్తులు వచ్చారు, వారిలో ఎక్కువమంది హతులయ్యారు. కొందరు కొన్ని నెలలైనా పాలించలేదు. అయినా వారి ముఖాలు మనకు దక్కాయి.

ఈ ముఖాల మీద మోహం నేటిది కాదు. ఇటలీ మహాకవి పెట్రార్కు 1354లో నాల్గవ చార్లెస్ చక్రవర్తిని కలిసినపుడు, పూర్వ చక్రవర్తుల ముఖాలున్న బంగారు, వెండి నాణేలను ఆయనకు కానుకగా ఇచ్చాడు. ఈ మహనీయులను చూసి నడచుకోవలసిందని హితవు కూడా చెప్పాడు. ఒక కవి ఒక రాజుకు రాజనీతిని నాణేల రూపంలో బోధించాడన్నమాట. తరువాతి కాలంలో ఐరోపా సంపన్నుల ఇళ్లలో జూలియస్ సీజరు మొదలుకొని డొమిషియన్ వరకు గల పన్నెండుగురు సీజర్ల నాణేలను పూర్తిగా కూర్చడం ఒక వ్రతంగా మారింది. ఆదరణ ఉన్నచోటికి అనుకరణ రాక తప్పదు. పదహారవ శతాబ్దంలో పాడువా నగరవాసి కావినో రోము నాణేల నమూనాలను ఎంత నేర్పుగా తయారుచేశాడంటే, ఈనాడు ఆ అనుకరణలకే ప్రత్యేకమైన సేకర్తలు ఉన్నారు.

బొగ్గుగనుల నడుమ గోదావరిఖనిలో తెలుగు పాఠాలు చెప్పుకొనే అధ్యాపకునికి రోము చక్రవర్తులతో పనేమిటని మీకు తోచవచ్చు. ఇక్కడి నుండి బస్సెక్కితే గంటలో పెద్దపల్లి చేరుతాము. దాని పొలిమేరలోనే పెద్దబంకూరు ఉంది. 1960ల చివరి భాగం నుండి డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఇటుక కట్టడాలు, మట్టివరల బావులు, కమ్మరి కొలుముల జాడలు, సుమారు 22,000 శాతవాహన నాణేలు బయటపడ్డాయి. వాటితోపాటు రోము నాణేలూ లభించాయి. కరీంనగరం చెంతనే ఉన్న నుస్తులాపూరులో రోము వెండి నాణేల నిక్షేపం దొరికింది. నల్లగొండ ప్రాంతంలోని అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా రోము వెండి నాణేలు ఒకేచోట లభించాయి. సుదూర రోము సామ్రాజ్యపు టంకశాలలో పుట్టిన బిళ్లలు మన మానేరు, గోదావరి పరీవాహక భూములలోకి వచ్చి రెండు వేల ఏళ్లు నిద్రించాయి.

అవి ఎందుకు వచ్చాయో రోము వారే చెప్పుకొన్నారు. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా తమ ధనాన్ని తీసుకుపోతున్నదని మొదటి శతాబ్దపు రచయిత ప్లీనీ వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక వెండి దీనారానికి సమానం. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు వస్త్రాలు ఇక్కడి నుండి వెళ్లాయి. వెండి, బంగారం అక్కడి నుండి వచ్చాయి. ఆ శతాబ్దంలోనే ఒక గ్రీకు నావికుడు రచించిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథం మసాలియా ప్రాంతంలో, అంటే మన కృష్ణాతీరపు మచిలీపట్నం పరిసరాలలో, నూలు వస్త్రాలు విస్తారంగా తయారయ్యేవని పేర్కొన్నది.

ఇందులో మరొక విశేషం ఉంది. మన దేశంలో లభించే రోము వెండి నాణేలలో అత్యధిక భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవే. తరువాతి చక్రవర్తుల వెండి బాగా తక్కువ. నీరో చక్రవర్తి క్రీ.శ. 64 ప్రాంతంలో నాణెం బరువు తగ్గించాడు. అంతకుముందు ఒక రోము పౌను వెండికి 84 నాణేలు ముద్రిస్తూ ఉండగా, ఆ తరువాత 96 ముద్రించారు. వెండి స్వచ్ఛతను కూడా తగ్గించారు. మన వర్తకులకు ఆ చక్రవర్తి ముఖసౌందర్యంతో పని లేదు. త్రాసులో వేసి చూశారు, గీటురాయి మీద గీసి చూశారు, పాత నాణేలనే కోరుకొన్నారు. పుదుక్కోటలో 1898లో దొరికిన 501 బంగారు నాణేలలో అధికభాగం మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంది. ఈ గాట్లను గురించి పండితులు పలువిధాల ఊహించారు. ఇక ఇది నాణెంగా చెల్లదు, బంగారంగానే చెల్లుతుందని చాటడానికే ఆ గాటు పెట్టారన్న అభిప్రాయం నాకు సమంజసంగా తోస్తుంది. రోములో చక్రవర్తి ముఖాన్ని అవమానించడం ప్రాణాపాయం. ఇక్కడి కంసాలికి అది రోజువారీ పని.

నాణెం కరిగిపోయినా దాని పేరు మన భాషలో నిలిచింది. రోము వారి డెనారియస్ మన నాలుకపై దీనారమైంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి, ఉజ్జయినీ రాజపుత్రిక అయిన మహాదేవి రుద్రధర భట్టారిక నూట డెబ్బై దీనారి మాషకాలను దానం చేసినట్లు తెలుపుతుంది. అమరకోశం దీనారాన్ని ఎరుగును. పదిహేనవ శతాబ్దంలో కనకాభిషేకం పొందిన శ్రీనాథ మహాకవి పేర ప్రసిద్ధమైన చాటుపద్యంలో సైతం ఆ మాట వినిపిస్తుంది. రోము సామ్రాజ్యం పేరైనా వినని పల్లెలలో ఆ పద్యం చదువుకొన్నవారు ఎందరో!

ముఖాన్ని ముద్రించే ఆచారం కూడా నాణేలతోపాటు ప్రయాణించి మన ముంగిటికి వచ్చింది. పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాత నహపానుడు తన వెండి నాణేల మీద ముఖాన్ని చెక్కించి, చుట్టూ గ్రీకు అక్షరాలను ముద్రింపజేశాడు. అతనిని గెలిచిన గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణేలను కరిగించలేదు. నహపానుని ముఖం మీదనే తన చిహ్నాలను మళ్లీ కొట్టించాడు. ఆ తరువాత వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి శాతవాహనులు తమ ముఖాలతోనే వెండి నాణేలు వేయించారు. వాటి పురోభాగాన ప్రాకృతం, పృష్ఠభాగాన ఒక ద్రావిడభాషారూపం ఉన్నాయి. ఆ రెండవ భాష ఏదన్న విషయమై పండితులు వాదించుకొంటూనే ఉన్నారు. తెలుగు విద్యార్థికి ఇంతకన్న ఆసక్తికరమైన నాణెం మరొకటి ఉండదని నా అభిప్రాయం.

గౌతమీపుత్రుని విజయగాథకు ఇంతటి స్పష్టత ఎలా కలిగింది? 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌థెంబిలో ఒకే పాత్రలో పదమూడు వేలకు పైగా నహపానుని నాణేలు దొరికాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా గౌతమీపుత్రుని మలిముద్రతో ఉన్నాయి. ఆ నిక్షేపం చెదరక ముందే రెవరెండ్ స్కాట్ దానిని పరిశీలించాడు. నహపానుని ముఖాలని చెప్పే ఆ ముఖాలు ఒకదానితో ఒకటి పోలడం లేదని, కొన్నింటిలో యువకుడు, కొన్నింటిలో వృద్ధుడు, ముక్కులు సైతం వేర్వేరుగా ఉన్నాయని గమనించాడు. అన్నీ ఒక్కచోట ఉన్నాయి కనుకనే ఈ సంగతి తెలిసింది. వాటిలో ఒక్క నాణెం ఎవరి చేతికైనా చిక్కి ఉంటే, అందమైన పాత బిళ్ల అనిపించుకొనేది, అంతే. పదమూడు వేలు కలిసి పలికిన మాటను ఒక్క నాణెం పలకలేదు.

నా వాదం ఇక్కడే మొదలవుతుంది. నాణెం మీది ముఖం ఎవరిదో గ్రంథం చూసి చెప్పవచ్చు. అది ఏ నేలలో, ఎంత లోతున, దేని సరసన ఉన్నదో ఏ గ్రంథమూ చెప్పదు. తీసినవాడు చూసి ఉండాలి. చూసినవాడు రాసి ఉండాలి. టైబీరియస్ వెండి నాణేలు ప్రపంచంలో వేలకొలది ఉన్నాయి. చక్రవర్తిని గురించి వాటిలో మరొకటి కొత్తగా చెప్పేది స్వల్పం. కాని అదే నాణెం మన జిల్లాలోని ఒక పేరు లేని చెలకలో, ఒక శాతవాహన నాణెం పక్కన, ఒక కుండపెంకు కింద దొరికిందంటే, ఆ ఊరి వయస్సు, ఆ దారిన సాగిన వర్తకం, ఆ కుండ చేసిన కాలం అన్నీ ఒక్కసారిగా తెలుస్తాయి. సేకర్త ముఖానికి వెల కడతాడు; చరిత్రకారుడు చోటుకు వెల కడతాడు. చోటును పోగొట్టి ముఖాన్ని మాత్రం దాచుకొనడం ఉత్తరాన్ని చింపివేసి తపాలాబిళ్లను దాచుకొనడం వంటిది.

నెల్లూరు కథ చాలామంది వినలేదు. 1786 ప్రాంతంలో నెల్లూరు దాపున ఒక రైతు రాళ్లగుట్ట వాలులో దున్నుతూ ఉండగా నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వి చూస్తే ఒక చిన్న దేవాలయపు శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, ఆ కుండలో రెండవ శతాబ్దపు రోము బంగారు నాణేలు! రైతు వాటిని పాత బంగారంగా అమ్ముకొన్నాడు. వాటిలో చాలా భాగం కరిగిపోయి ఉంటాయి. అమీరుల్ ఉమరా అనే నవాబు ముప్పైకి పైగా నాణేలను రాబట్టగలిగాడు. ఆనాటి మద్రాసు గవర్నరు అలెగ్జాండరు డేవిడ్‌సన్‌కు వాటిలో రెండింటిని ఎంచుకొనే అవకాశం లభించగా, ఆయన ఒక హేడ్రియన్‌ను, ఒక ఫాస్టీనాను ఎంచుకొన్నాడు. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లు మెరుస్తూ ఉన్నాయని, మరికొన్ని అరిగి, రంధ్రాలు పడి, ఆభరణాలుగా ధరించిన జాడలతో ఉన్నాయని ఆయన 1787లో ఒక లేఖలో వివరించాడు. ఆ లేఖ కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పరిశోధన సంపుటంలో అచ్చయింది.

ఈ కథలో ఆ రైతును నిందించడానికి నాకు మనసొప్పదు. అతనికి దొరికింది బంగారం; ఇంట్లో అవసరం ఉంది; నాణెం మీద ఉన్నది ఎవరో అతనికి చెప్పేవారు లేరు. గవర్నరు విద్యావంతుడు. నాణేల స్థితిని అంత చక్కగా వర్ణించినవాడు ఆ గుడి ఎవరిదో, ఇటుకలు ఎంతటివో, కుండ ఎటువంటిదో రాయలేదు. ఊరి పేరు సైతం రాయలేదు. ముఖాలను చూసిన కళ్లు నేలను చూడలేదు. గుడి కింద, కొత్త నాణేలతోపాటు మెడలో వేసుకొన్న నాణేలను కూడా కలిపి ఎవరు దాచారు? దేవునికి సమర్పించినవా, వర్తకుని మూలధనమా, ఏ ఇల్లాలి స్త్రీధనమో? ఆ ప్రశ్నలకు ఇక సమాధానం దొరకదు.

దీనికి ప్రతిగా మన కాలంలో జరిగిన మరొక సంఘటనను చూడండి. 2010 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో, ఫ్రోమ్ పట్టణ సమీపాన, డేవ్ క్రిస్ప్ అనే వ్యక్తి లోహశోధక యంత్రంతో పొలంలో వెతుకుతూ ఉండగా చిన్న నాణేలు, వాటి కింద ఒక కుండ అంచు కనిపించాయి. ఆయన వృత్తిరీత్యా ఆసుపత్రిలో వంటవాడు; పండితుడు కాడు. అక్కడితో తవ్వడం ఆపివేశాడు. గుంతను పూడ్చి అధికారులకు కబురు చేశాడు. పురావస్తు నిపుణులు వచ్చి మూడు రోజులపాటు కుండలోని నాణేలను పొరలు పొరలుగా, ఏ పొరకు ఆ పొరగా తీశారు. మొత్తం 52,503 నాణేలు. వాటిలో ఆలస్యంగా, అంటే క్రీ.శ. 286 తరువాత ముద్రించిన కరౌసియస్ నాణేలలో అధికభాగం కుండ సగానికి కింద ఒక్కచోట కనిపించాయి. ఏళ్లతరబడి కూడబెడుతూ వచ్చి ఉంటే కొత్త నాణేలు పైన ఉండాలి గదా! కనుక అవన్నీ ఒక్కసారిగా పోసినవే అని తేలింది. అంత బరువును మోయగల శక్తి ఆ కుండకు లేదు కాబట్టి, ముందు కుండను పాతి ఆ తరువాత నాణేలు పోశారని కూడా గ్రహించారు. అందువల్ల అది దొంగల భయంతో దాచిన ధనం కాక, దైవానికి సమర్పించిన మొక్కు కావచ్చునన్న ఆలోచన బలపడింది. ఆ వంటవాడు ఆత్రపడి కుండను కుమ్మరించి ఉంటే, యాభై రెండు వేల నాణేలు దక్కేవి. ఈ జ్ఞానం దక్కేది కాదు.

పొర అనే మాట విలువ మన ప్రాంతంవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మీలో చాలామంది తండ్రులు, తాతలు గనిలోకి దిగినవారే. ఏ పొర బొగ్గు ఎంత మందం, దాని పైకప్పు ఎటువంటి రాయి, దాని కింద ఏముంది అన్నది తెలియకుండా సింగరేణిలో ఒక అడుగు ముందుకు పడదు. ఓపెన్‌కాస్టు గని పక్కన కుప్పగా పోసిన మట్టిలోని రాయిని చూపి ఇది ఎంత లోతుదని అడిగితే, ఎంతటి అనుభవజ్ఞుడైన ఓవర్‌మన్ అయినా నవ్వి ఊరుకొంటాడు. స్థానం తప్పిన రాయి లోతును చెప్పదు. నాణెమూ అంతే. నా విద్యార్థులకు గ్రంథాలు చూపి నేను వివరించలేకపోయిన ఈ సూత్రాన్ని, ఒకనాడు తరగతిలో ఒక గనికార్మికుని కుమారుడు తన తండ్రి చెప్పిన మాటలతో రెండు నిమిషాలలో వివరించాడు.

ఇంతమాత్రాన సేకర్తలందరూ చరిత్రకు శత్రువులని నేను అనను. అలా అనేవారు కోటిలింగాలను మరచిపోయినట్లే. ధర్మపురికి సమీపంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఆ గ్రామపు మట్టిదిబ్బల మీద సంగనభట్ల నరహరిశర్మ ఎంతో ఓపికగా నాణేలను సేకరించారు. వాటిని ప్రముఖ శాసన పరిశోధకులు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రికి అందజేశారు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప - ఏ పురాణమూ పేర్కొనని ఈ రాజుల పేర్లు ఆ నాణేల వల్లనే లోకానికి తెలిశాయి. ఛిముక శాతవాహనుని నాణేలు కూడా అక్కడ లభించడంతో, శాతవాహనుల తొలి అడుగులు గోదావరి తీరంలో మన ప్రాంతంలోనే పడ్డాయా అన్న చర్చ దేశమంతటా చెలరేగింది. పురావస్తుశాఖ తవ్వకాలు ఆ తరువాతనే జరిగాయి. ఆ నాణేల మీద అందమైన ముఖాలు లేవు. అరిగిన రాగి, సీసపు ముక్కలు. సంతలో ఎవరూ కన్నెత్తి చూడనివి. నరహరిశర్మ వాటిని ఊరి పేరుతో సహా భద్రపరచారు కనుక ఒక రాజవంశపు చరిత్ర తిరగరాయవలసి వచ్చింది. ఇప్పుడు ఆ గ్రామం చెంతకు ఎల్లంపల్లి జలాశయపు నీరు చేరింది. ఆనాడు ఏరి ఉండకపోతే వాటిని ఏరే అవకాశం ఈనాడు తగ్గిపోయి ఉండేది.

కనుక సేకర్తకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. నీ పొట్లం మీద ఊరి పేరు ఉన్నదా? ఉంటే నీవు చరిత్రకు బంధువువు. లేకపోతే నీ దగ్గర ఉన్నది ఎంత అరుదైన ముఖమైనా దారి తప్పిన పిల్లవాడే.

"నాణెం దొరికిందని చెబితే పోలీసులు వస్తారు, పొలం తవ్వుతారు, నాణెమూ పోతుంది, పనీ పోతుంది" అని పల్లెలలో అనుకొంటారు. ఈ భయాన్ని తేలికగా తీసిపారవేయరాదు. మన దేశంలో నిక్షేపాల చట్టం 1878 నాటిది. భూమిలో దొరికిన విలువైన వస్తువును గురించి జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని అది శాసిస్తుంది. అదే చట్టం, ప్రభుత్వం ఆ వస్తువును తీసుకొనేటట్లయితే దాని లోహపు విలువకు అయిదవ వంతు చేర్చి చెల్లించాలని కూడా చెబుతుంది. మొదటి భాగం అందరికీ తెలుసు; రెండవ భాగం చెప్పేవారు తక్కువ. పైగా లోహపు విలువ లెక్కన ఒక సీసపు శాతవాహన నాణేనికి వచ్చేదెంత? చరిత్రను మార్చగల వస్తువుకు పాతసామాను ధర కట్టే చట్టం పల్లెవాసి నిజాయితీని ఎంతకాలం నిలుపుతుంది? ఇంగ్లండులో 1996 నాటి చట్టం ప్రకారం నిపుణులు నిర్ణయించిన అంగడి ధరను ఇస్తారు. ఫ్రోమ్ నిక్షేపానికి సోమర్సెట్ ప్రదర్శనశాల 3,20,250 పౌన్లు చెల్లించగా, దొరికించుకొన్నవాడు, భూమి యజమాని చెరిసగం పంచుకొన్నారు. మన శాసనకర్తలు ఈ విషయాన్ని ఆలోచించవలసి ఉంది. దొరికినది అప్పగించిన కూలీ పేరును ప్రదర్శనశాల అద్దాలపెట్టె మీద రాయడానికైతే చట్టం మార్చనక్కరలేదు, ఒక చిన్న చీటీ చాలు.

మరికొందరు ప్రదర్శనశాలలను ఆక్షేపిస్తారు. అక్కడికి పోయిన నాణెం పెట్టెలో మగ్గుతుంది గాని చూసేదెవరని వారి ప్రశ్న. అందులో కొంత నిజం ఉంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు మన విద్యార్థులలో ఎందరు వెళ్లారు? పెద్దబంకూరు నాణేలను చూడడానికి పెద్దపల్లి పిల్లలు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించవలసి రావడం నాకు న్యాయంగా తోచదు. అయితే పెట్టెలోని నాణేన్ని ఏనాటికైనా బయటకు తీయవచ్చు. కొలిమిలో కరిగినదానిని తీయలేము. ఎవరి ఇంటి బీరువాలోనో చేరి, ఆయన తదనంతరం వారసులు అమ్ముకొన్నదాని జాడ తెలియదు.

నాణేలను సేకరించాలన్న ఉత్సాహం మీలో ఉంటే దానిని చంపుకొనవద్దు. నిజాం కాలపు రాగి దుబ్బులు, బ్రిటిషు ఇండియా అణాలు, చెలామణి నుండి తొలగిన అయిదు, పది పైసలు - ఇవి నానమ్మల డబ్బాలలో ఇంకా ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి. ఎవరి డబ్బా, ఏ ఊరు, ఎలా వచ్చిందో అడిగి రాసుకోండి. అమ్మజూపే రోము నాణేల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. చాలా వాటి అంచు చుట్టూ పోతపోసిన గీత సన్నగా కనిపిస్తుంది. అచ్చుతో కొట్టిన అసలు నాణేనికి ఆ గీత ఉండదు. అసలువే అయితే మరొక చిక్కు ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులతో వ్యాపారం చేసేవాడికి అనుమతి పత్రం ఉండాలి. వాటిని దేశం దాటించడానికి వ్యక్తులకు అధికారం లేదు. అమ్మేవాడిని పత్రం అడగండి, నాణెం ఎక్కడిదని అడగండి. రెండవ ప్రశ్నకు అతడు తడబడితే ఆ నాణెం ఎంత చవకగా వచ్చినా మీకు వద్దు.

ఇక పొలంలో, కొత్త ఇంటి పునాదిలో, చెరువు పూడిక మట్టిలో ఎప్పుడైనా ఒక పాత నాణెం మీ కంటబడితే, దానిని చింతపండుతో తోమకండి. పచ్చని తుప్పు కిందనే అక్షరాలు ఉంటాయి. తోమితే అవి పోతాయి. చుట్టూ కుండపెంకులుంటే కదిలించకండి. తేదీ, ఊరు, పొలం సర్వే నంబరు, ఎన్ని మూరల లోతు, పక్కన ఏమేమి ఉన్నాయి, మొదట చూసినది ఎవరు - ఇవి ఒక కాగితం మీద రాసి, మీ చరిత్ర అధ్యాపకునికి చూపి, ఆయనతో కలిసి తహసీల్దారు కార్యాలయం ద్వారా కలెక్టరుకు తెలియజేయండి. కాగితానికి రెండు ప్రతులు తీసి, ఒకటి మీ కళాశాల గ్రంథాలయంలో ఉంచండి.